గడి లేని నొప్పి

ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో
ఒక గుర్రం దగ్గర ఆగిపోయాను.
నొసట కనకాంబరం రంగు కుచ్చు,
వీపు మీద ఎవరి పిల్లాడో,
ఎదురుగా ఫోనెత్తి పట్టుకున్న వాళ్ల నాన్న.
గుర్రం సముద్రం వైపు చూడటం లేదు.
పిల్లాడు డొక్కలో తన్నినా చెవి కదల్లేదు.
"శానా మంచిది మేడమ్, ఏటీ అనదు" అన్నాడు ఎల్లాజీ.

ఏటీ అనదు.
తడి ఇసకలో చెప్పు తెగి
పాదానికి ఆల్చిప్ప గుచ్చుకున్నట్టయింది.

రెండో ఏడాది ప్రాక్టికల్స్‌లో మాకొక మేక.
నల్లది. చెవికి పసుపు బిళ్ల, పదిహేడో నంబరు.
మెడ నరం దొరకబుచ్చుకోవడం ఆ రోజు పాఠం.
మేం ఆరుగురం, మేక ఒక్కటి.
మొదటి సూదికి అరిచింది.
రెండో సూదికి లలితేశ్వరి చేతుల్లోంచి జారి బల్లకిందకి దూరింది.
మూడోదానికి వణికింది.
నాది అయిదోది.
అప్పటికి అది ఏటీ అనలేదు.
ఒక్క పోటుకే దొరికింది నరం,
సిరంజిలోకి నెత్తురు నెమ్మదిగా నడిచొచ్చింది,
సారు శభాష్ అన్నారు.
రికార్డు పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాశాను:
"జంతువు సహకరించింది."
పదికి తొమ్మిది.

ఇంటర్న్‌షిప్‌కి విశాఖ వచ్చి
హైమవతి మేడమ్ చేతికింద పడ్డాను.
మొదటి రోజు స్టెతస్కోపు లాక్కుని సొరుగులో పడేశారు.
గోపాలపట్నం నుంచి ట్రాలీ ఆటోలో దిగిన గేదెదూడ ముందు నిలబెట్టి
"ముట్టుకోకు. పది నిమిషాలు చూడు.
చూసింది చెప్పు, చదివింది కాదు."
జ్వరం అన్నాను.
"అది చదివింది."
మళ్లీ చూశాను.
కుడి ముందుకాలి బరువు మిగతా మూడింటికీ పంచుతోంది.
బకెట్లో నీళ్లు వాసన చూసి మూతి తిప్పేసింది.
వెనకాల ఎవరు నడిచినా
చర్మం మీద ఓ అల లేచి ఆగుతోంది.
"ఊఁ" అన్నారు మేడమ్. అంతే.

కేసు షీట్లో గళ్లు:
వయసు, బరువు, వేడి, నాడి,
యజమాని ఫోన్ నంబరుకి కూడా పది చిన్న గళ్లు.
నొప్పికి ఒక్కటీ లేదు.

ఓ రాత్రి కరెంటు పోయింది.
కంచరపాలెం కుక్క కట్టుతో ఇంటికెళ్లిపోయాక
చీకట్లో మేక సంగతి చెప్పాను.
మేడమ్ ఓదార్చలేదు.
"ఇప్పుడు రబ్బరు మెడలున్నాయి, లోపల ఎర్రనీళ్లు.
వాటిని ఎన్నిసార్లు పొడిచినా ఫర్లేదు.
మా రోజుల్లో లేవు.
నేను రాసిన మాట వేరు...
జంతువు శాంతంగా ఉంది, అని రాశాను."
కరెంటొచ్చింది.
ఆవిడ కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు.

అటెండరు గురువులు మాత్రం
ముప్పయ్యేళ్లుగా సూదికి ముందు
రెండరచేతులూ రుద్దుకుని పశువు మెడ మీద పెడతాడు.
"సల్లటి సెయ్యెడితే ఉలిక్కిపడదేటమ్మా?"
అతనికెవరూ పాఠం చెప్పలేదు,
మార్కులూ వెయ్యలేదు.

బీచ్‌లో పిల్లాణ్ని దించాక
"ఓసారి నోరు చూడొచ్చా?" అన్నాను.
కళ్లెం ఇనుము కింద, పెదవి మూలల్లో
రెండు పుళ్లు. కుచ్చులూ పూసలూ అంతవరకూ రావు.
"దాణా నములుతోందా?"
ఎల్లాజీ చాలాసేపు మాట్లాడలేదు.
"నాల్రోజులై ఒగ్గేత్తంది.
రోజు మానేత్తే మరి మా ఇద్దరికీ పస్తే గదమ్మా."
దానికి నా దగ్గర జవాబు లేదు.
పరీక్షలో ఆ ప్రశ్న ఎప్పుడూ రాలేదు.
ఆసుపత్రి అడ్రసు చెప్పాను, డబ్బులక్కర్లేదన్నాను,
నమ్మినట్టు కనిపించలేదు.

గురువారం వచ్చాడు.
బీచ్ రోడ్డు నుంచి నడిపించుకుంటూ,
కళ్లెం తన భుజానేసుకుని,
గుర్రానికి వదులుగా నూలు తాడు కట్టి.

గురువులు బల్ల దగ్గర
చెక్క స్కేలూ నీలం పెన్నూ పట్టుకుని
అచ్చయిన ఫారాల మీద అడుగున ఒక్కో గీత కొడుతున్నాడు.
మేడమ్ చెప్పారట.
కొత్తవి అచ్చవ్వాలంటే పైనుంచి మంజూరు కావాలట.
అతని చెయ్యి వణికి గీత కాస్త వంకరపోయింది.
ఆ వంకర గడిలో రాశాను:
"నోటి మూలల్లో నొప్పి. చెప్పింది."

పక్కన కట్టలో
ఇంకా రెండొందల ఫారాలు.
పెన్నులో సిరా అయిపోవస్తోంది.